నాలుగో నంబరు గొంతు

జూన్ 3, మంగళవారం

తమ్ముడూ,

ఇవాళ ఉదయం తొమ్మిదీ పదికి నా గొంతు పోయింది. ఇది రెండోసారి.

మొదటిసారి డాక్టర్లు ముందే తేదీ చెప్పారు, కూర్చోబెట్టి వివరించారు, సంతకం తీసుకున్నారు. ఈసారి ఎవరూ ఏమీ అడగలేదు.

జరిగింది జరిగినట్టు రాస్తాను. బస్‌స్టాండులో నా ప్రకటనల గదిలో కూర్చుని ఉన్నాను. పలక మైకు ముందు పెట్టి ఉంది. నేను అక్షరాలు కొడితే నా పాత గొంతుతో చదివే ఆ పలకే లేకపోతే, ఆపరేషన్ తర్వాత నన్ను మళ్ళీ ఆ కుర్చీలో కూర్చోనిచ్చేవాళ్ళు కాదని నీకు తెలుసు. 'ప్రయాణికులకు గమనిక, మూడో ప్లాట్‌ఫారం మీద ఉన్న బస్సు' అన్న దగ్గర అది ఆగిపోయింది. తెర తెల్లబడింది. చక్రం తిరగడం మొదలైంది.

కొన్నాళ్ళుగా అది అడుగుతూనే ఉంది. కొత్త అప్‌డేట్ వచ్చింది, ఇప్పుడు వేసుకుంటారా, తర్వాతా? నేను 'తర్వాత' నొక్కి నా పని చూసుకునేదాన్ని. ఇవాళ చూస్తే 'తర్వాత' లేదు. 'సరే' ఒక్కటే ఉంది. అదీ నేను నొక్కలేదు. దానికదే 'సరే' అనుకుంది.

కిటికీలోంచి చూస్తే ప్లాట్‌ఫారం మీది జనమంతా తలలెత్తి లౌడ్‌స్పీకరు వైపు చూస్తున్నారు. మూడో ప్లాట్‌ఫారం డ్రైవరు తల బయటపెట్టి, "అమ్మా, బస్సు ఏమిటో చెప్పు! పోనా, ఉండనా?" అని అరుస్తున్నాడు. నేను చేత్తో పొమ్మని సైగ చేశాను. ఆగమన్నాననుకుని ఆగాడు.

చక్రం ఆగాక మిగతా వాక్యం వినిపించింది. నా గొంతుతో కాదు. ఆ గొంతు నీకూ తెలుసు. బ్యాంకుకి ఫోన్ చేస్తే 'మీ కాల్ మాకు ఎంతో ముఖ్యం' అంటుందే, లిఫ్టులో 'తలుపులు మూసుకుంటున్నాయి' అంటుందే, ఆవిడ. పలకలో ఆవిడ పేరు 'నాలుగో నంబరు గొంతు'.

తెర మీద ఇలా ఉంది. 'మీ భద్రత కోసం మీ సొంత గొంతును నిలిపివేశాం. ఇది మీ గొంతే అని నిరూపించడానికి, మీరు మొదట నమోదు చేసిన వాక్యాన్ని మీ నోటితో బిగ్గరగా చెప్పండి.'

నేను దాన్ని చూస్తూ కూర్చున్నాను. కాసేపయ్యాక అది, 'మీ మాట వినపడలేదు. మళ్ళీ ప్రయత్నించండి' అంది.

ఇంటికొచ్చాను. మీ బావ ముందు గదిలో కుట్టుమిషను మీద ఉన్నారు, వీపు నా వైపు. 'భోజనం చేశారా' అని కొట్టాను. ఆయన ఉలిక్కిపడ్డారు. సూది వేలిలో దిగింది. తల తిప్పకుండానే, "ఎవరండీ? కొలతలకైతే సాయంత్రం రండి" అన్నారు.

పాతికేళ్ళుగా నన్ను 'ఏమే' అని పిలిచిన మనిషి ఇవాళ నన్ను 'అండీ' అన్నారు.

ఈ పలక బిగించింది నువ్వే. నా గొంతు అందులో ఎక్కించింది నువ్వే. ఆపరేషనుకి ముందు మూడు వారాలు పక్కన కూర్చుని వాక్యాలన్నీ నా చేత చదివించింది నువ్వే. దీనికి దారి ఏమిటో రాయి. ఫోన్ మాత్రం చెయ్యకు. ఆవిడ గొంతుతో నీతో మాట్లాడలేను.

వేలికి కట్టు కట్టాను, లోతుగా దిగలేదు.

అక్క

*

జూన్ 5, గురువారం

అక్కా,

కంగారుపడకు గానీ, ఇది చదవగానే ఇంటి తాళం మార్పించు. మీ ఇంట్లో ఎవరో ఆడమనిషి దూరింది.

ఈ కొండల మధ్య, సొరంగం తవ్వే చోట సెల్లుకి సిగ్నలు లేదని నీకు చెప్పాను కదా. ఆఫీసులో ఉన్న ఒక్క ఫోను కోసం పదిమందిమి వరస కడతాం. లోపలికి వచ్చిన ఫోన్లు గుమాస్తా ఎత్తడు. ఎత్తితే సొరంగంలోకి నడిచి మనిషిని పిలుచుకు రావాలిగా. ఇవాళ నా వంతు వచ్చింది. మీ ఇంటికి చేశాను. ఒకావిడ ఎత్తి, "నేనేరా, అక్కని" అంది.

ఆ గొంతు వినగానే నాకు ఒళ్ళు మండింది. "ఎవరమ్మా నువ్వు?" అన్నాను. చాలాసేపు చప్పుడు లేదు. మళ్ళీ అదే మాట, అదే రాగం. "నేనేరా, అక్కని."

ఫోన్లో మోసం చేసే రకాల గురించి ఇక్కడ రోజూ వింటున్నాం. నీ గొంతు పలకలోకి ఎక్కించింది నేను. కోట్లమందిలో వినిపించినా గుర్తుపడతాను. "మా అక్క గొంతు నాకు తెలీదా? మర్యాదగా ఫోను పెట్టెయ్" అని, ఆవిడ పెట్టేలోపే నేను పెట్టేశాను. వెనకాల నిలబడ్డ డ్రిల్లరు, "శభాష్, భలే ఇచ్చావు" అన్నాడు.

బావని అడుగు, ఇంటికి ఎవరైనా కొత్తగా వస్తున్నారేమో. ఇక్కడ సొరంగంలో ఊట పెరిగింది. నా పంపులు మూడూ తిరుగుతూనే ఉన్నాయి. నేను బాగానే ఉన్నాను.

శుక్రవారం, ఉత్తరాలు తెచ్చే వ్యాను వచ్చాక.

నీ ఉత్తరం ఇప్పుడే అందింది. వ్యాను పక్కనే నిలబడి చదివాను. రెండుసార్లు చదివాను.

అక్కా, నేను తిట్టింది నిన్నే.

డ్రైవరు హారను కొడుతున్నాడు. పనికొచ్చేది మాత్రం రాస్తాను. ఏ పంపు మొండికేసినా మేము చేసేది ఒక్కటే, మొత్తం ఖాళీ చేసి మళ్ళీ నింపుతాం. దీనికీ అదే మందు. పలక పక్కన ఉన్న బటనూ, శబ్దం తగ్గించే బటనూ రెండూ కలిపి ఎర్ర దీపం వెలిగేదాకా నొక్కి పట్టుకో. తెర మీద వచ్చిన వాటిలో మొట్టమొదటిది ఎంచుకో. కొత్త చెత్తంతా పోయి, పాతది ఎప్పట్లాగే వస్తుంది. నీ చెయ్యి కుదురుగా ఆగదు, బావ చేత చేయించు. ఆయన చేతి పని శుభ్రంగా ఉంటుంది.

ఫోన్లో అన్నది మర్చిపో.

నీ తమ్ముడు

*

జూన్ 10, మంగళవారం, ఉదయం

తమ్ముడూ,

ఫోను సంగతి రాయకూడదనుకున్నాను. రాస్తేనే పోతుందేమో. 'మా అక్క గొంతు నాకు తెలీదా' అన్నావు. తెలుసు కాబట్టే పెట్టేశావు. అది నాకు అర్థమైంది. అర్థమయ్యాక కూడా రిసీవరు పట్టుకుని చాలాసేపు నిలబడ్డాను. ఇక దాని గురించి వద్దు.

నీ దగ్గర్నుంచి ఇంకా ఏమీ రాలేదు. ఈలోపు ఇక్కడ జరిగినవి చెప్తాను.

డిపో మేనేజరు శనివారం పిలిచాడు. నాలుగో నంబరు గొంతు చెప్పే ప్రకటనలు జనం వినడం లేదట. అందరూ ఏదో వ్యాపార ప్రకటన అనుకుంటున్నారట. నెలలు నిండిన ఒక అమ్మాయికి ఆస్పత్రికి పోయే బస్సు తప్పిపోయింది. ఆటోలో పంపించారు, సమయానికే చేరింది. "నిన్ను తప్పుపట్టడం లేదమ్మా. నీ గొంతు వచ్చేదాకా పార్సిల్ గదిలో కూర్చో" అన్నాడు. కూర్చుంటున్నాను. అక్కడ ఎవరూ విడిపించుకోని గోడగడియారం ఒకటి పెట్టెలోనే గంటలు కొడుతుంటుంది.

నిన్న కంపెనీ సర్వీసు సెంటరుకి వెళ్ళాం. టోకెను తీసుకుని కూర్చున్నాం. గోడలోంచి, "తర్వాతి టోకెను మూడో కౌంటరుకి రండి" అని ఒక గొంతు. నాలుగో నంబరే. కౌంటరు దగ్గరికెళ్ళి నేను పలక మీద, 'నా గొంతు నాకు కావాలి' అని కొట్టాను. అదీ నాలుగో నంబరే. హాల్లో అందరూ గోడనీ నన్నూ మార్చి మార్చి చూశారు.

మూడో కౌంటరులో ఒక అమ్మాయి ఉంది. నెమ్మదైన పిల్ల. ఆమె చెప్పిందీ, మేము అడిగిందీ మాటకి మాట రాస్తున్నాను.

"వేరేవాళ్ళ గొంతులు దొంగిలించి వాడుతున్నారని కంపెనీ ఈ నియమం పెట్టిందండీ. మేడం ఒక్క వాక్యం చెప్తే చాలు, అయిపోతుంది."

"ఆమె మాట్లాడలేదమ్మా. అందుకే కదా ఈ పలక" అన్నారు మీ బావ.

"ఆపరేషన్ అయినవాళ్ళకి మినహాయింపు ఉందండీ."

"అయితే ఇవ్వండి."

"దానికి దరఖాస్తు ఫోన్లో, మేడమే స్వయంగా, నోటితో చెప్పాలండీ."

మీ బావ ఆ అమ్మాయి మొహం చూశారు. వేళాకోళమేమోనని. ఆమె మొహం మా కంటే పాలిపోయి ఉంది.

బస్‌స్టాండులో నా పాత ప్రకటనల టేపు ఉంటే తీసుకెళ్ళాం. అది పెట్టి వినిపించాం. యంత్రం వెంటనే పట్టేసింది. 'రికార్డు చేసిన గొంతు చెల్లదు.' "బతికున్న గొంతు కావాలండీ" అని ఆ అమ్మాయి అనేసి, నాలుక కరుచుకుంది.

ఆస్పత్రి కాగితం స్కాన్ చేసి పంపితే పైవాళ్ళని అడుగుతానంది. ఇంటికొచ్చి మీ బావ బిల్లులు తీసే ప్రింటరు మీద పెట్టాం. స్కాన్ చెయ్యనంది. ఎందుకంటే పసుపు రంగు సిరా అయిపోయిందట. "చూడ్డానికి కూడా పసుపు కావాలా దీనికి? కామెర్లా?" అన్నారు మీ బావ. బజారుకెళ్ళి సిరా తెచ్చి పెట్టారు. 'ఇది మా కంపెనీ సిరా కాదు' అని మొత్తంగా మూసుకుంది. చివరికి పార్సిల్ గదిలో ఉన్న పాత యంత్రం మీద చేసి పంపాను.

ఇప్పుడు ముఖ్యమైనది విను. జూన్ 30, సోమవారం మధ్యాహ్నం పన్నెండుకి వాళ్ళ తర్వాతి అప్‌డేట్. అప్పటికి నిరూపించుకోని గొంతులన్నీ కంపెనీ దగ్గర చెరిగిపోతాయి. అయితే నా పలక లోపల ఒక నకలు తాళం వేసి ఉందట. "ఏం జరిగినా పలకని మాత్రం ఖాళీ చెయ్యకండి. అదొక్కటీ ఉంటే, ఎప్పటికైనా ఏదో దారి దొరుకుతుంది" అని ఆ అమ్మాయి రెండుసార్లు చెప్పింది.

నువ్వు కూడా గుర్తుపెట్టుకో. పలకని ఖాళీ చెయ్యకూడదు.

డ్యూటీకి టైమైంది. దారిలో ఇది పోస్టు చేస్తాను.

అక్క

*

జూన్ 13, శుక్రవారం

అక్కా,

పోయినసారి నేను రాసింది చెయ్యొద్దు. ఆ రెండు బటన్లు ముట్టుకోవద్దు. మొట్టమొదటిది ఎంచుకోమన్నానే, అది ఖాళీ చెయ్యడమే.

నీ ఉత్తరంలో ఆ చివరి మాట చదివిన దగ్గర్నుంచి నాకు కూర్చోవడం చేతకావడం లేదు. ఫోను వరసలో ముందున్న నలుగురి కాళ్ళు పట్టుకున్నంత పని చేసి మీ ఇంటికి చేశాను. ఎవరూ ఎత్తలేదు. నా వంతు అయిపోయింది.

బావకి చెప్పు. పలకని గుడ్డలో చుట్టి బీరువాలో పెట్టెయ్యి. నాకు తెలిసింది నీళ్ళ పంపులు. దాన్ని పట్టుకొచ్చి దీనికి అతికించాను.

ఇది నీకు మంగళవారానికి గాని అందదు. నా పాత ఉత్తరం నీకు ఎప్పుడో అందే ఉంటుంది.

తమ్ముడు

*

జూన్ 17, మంగళవారం

తమ్ముడూ,

నీ 'వద్దు' ఉత్తరం ఇవాళ వచ్చింది. 'చెయ్యి' అన్న ఉత్తరం పోయిన మంగళవారం మధ్యాహ్నమే వచ్చింది. నేను పార్సిల్ గదిలో ఉన్నాను. పలక ఇంట్లో ఉంది, ఆ గొంతు మీద కోపంతో వదిలేసి వెళ్ళాను.

మీ బావ ఉత్తరం చదివారు. ఆయన సంగతి నీకు తెలుసు, కొలత చూసుకోకుండా గుడ్డ మీద కత్తెర పెట్టరు. నువ్వు రాసింది మూడుసార్లు చదువుకుని, చేతులు కడుక్కుని, నువ్వు చెప్పింది చెప్పినట్టు చేశారు. ఎర్ర దీపం వెలిగింది. మొట్టమొదటిది ఎంచుకున్నారు. 'ఖచ్చితంగానా?' అని అడిగిందట. కౌంటరు అమ్మాయి మాట ఆయనకి గుర్తురాకపోలేదు. "ఖాళీ చెయ్యొద్దన్నది ఆ అమ్మాయి. పాతది వస్తుందన్నది మీ తమ్ముడు. ఇది ఖాళీ చెయ్యడమని ఎక్కడా రాసి లేదే. దాన్ని బిగించినవాడికి తెలీదా అనుకున్నాను" అన్నారు.

నేను వచ్చేసరికి పలక కొత్తగా కొన్నట్టు మెరుస్తోంది. 'స్వాగతం. మీ భాష ఎంచుకోండి' అంటోంది.

మీ బావ ఆ రోజంతా మిషను ఎక్కలేదు. నేను ఇన్నాళ్ళూ ఉత్తరం రాయలేదు. నిన్ను గాని, ఆయన్ని గాని ఏమీ అనడం లేదు. అందామన్నా దేంతో అనాలి?

ఇప్పుడు మిగిలింది కంపెనీ దగ్గర ఉన్నది ఒక్కటే. అది 30 దాకా.

నిన్న మళ్ళీ సెంటరుకెళ్ళాం. ఖాళీ చేశామని చెప్తే మూడో కౌంటరు అమ్మాయి రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుంది. ఆస్పత్రి కాగితానికి పైవాళ్ళ నుంచి ఇంకా జవాబు రాలేదట. తర్వాత నా ఖాతా తెరిచింది. ఇంతకుముందు అంత లోపలికి చూడలేదట. చూస్తూ చూస్తూ ఆగిపోయింది.

"మేడం, మీ మొదటి నమూనా, అంటే మొట్టమొదట నమోదు చేసిన వాక్యం... ఇక్కడ మగ గొంతు అని ఉందండీ."

"మగ గొంతా?" అన్నారు మీ బావ.

"అవునండీ. మాకు వినే అనుమతి లేదు. కానీ మగ గొంతనే ఉంది. మా సిస్టం ప్రకారం ఆ మొదటి గొంతు ఎవరిదో, తర్వాతి గొంతులన్నీ ఆయనవే. అందుకే టేపు పెట్టినా ఒప్పుకోలేదేమో. ఒకవేళ మేడం మాట్లాడగలిగి ఉన్నా, ఒప్పుకునేది కాదు."

అంటే నాకు నోరున్నా అది నన్ను నమ్మేది కాదు.

మీ బావ, "మరి నేనిన్నేళ్ళూ ఎవరితో కాపురం చేశానమ్మా?" అన్నారు. ఆ అమ్మాయి నవ్వబోయి మానుకుంది. ఆయన నవ్వించడానికి అనలేదు.

ఎవడో దారినపోయేవాడి గొంతుతో నా ఫైలు కలిపేశారు. ఫిర్యాదు రాసిచ్చాను. వాడెవడో దొరికితే బావుణ్ణు. వాడి గొంతు వాడికిచ్చి, నాది నేను తెచ్చుకుంటాను. నమోదు చేసిన రోజు ఆ సెంటరు మనుషులు ఎవరైనా మనింటికి వచ్చారా? నీకేమైనా గుర్తుందా?

అక్క

*

జూన్ 20, శుక్రవారం

అక్కా,

వాడు నేనే.

ఎవరూ రాలేదు. ఎవరి ఫైలూ కలవలేదు. ఆ రోజు ముందు గదిలో మనిద్దరమే ఉన్నాం, బావ గుండీలు తేవడానికి వెళ్ళారు. పలక కొత్తది. 'ఏదైనా ఒక వాక్యం చెప్పండి' అంది. ఎక్కడ నొక్కాలో, ఎంత దూరంలో నోరు పెట్టాలో నీకు చూపిద్దామని ముందు నేను మాట్లాడాను. అది టింగుమంది. సరిపోయిందనుకున్నాను. తర్వాతి వాక్యం నుంచి నువ్వు మొదలుపెట్టావు. మూడు వారాలు నువ్వు చదివావు. అది మాత్రం ఆ ఒక్క వాక్యం నాదని రాసిపెట్టుకుంది.

నీ ఉత్తరం చదివి పంపు గదిలో నేల మీద కూర్చుండిపోయాను. ఊట పైకొచ్చి బూట్లు తడిసేదాకా తెలీలేదు. నీ గొంతుకి యజమాని నేనట. ఆ గొంతుతోనే నువ్వు నాకు ఫోన్లో జవాబిస్తుండేదానివి, ఆ గొంతు నాదట!

అయితే ఇప్పుడు దారి తెలిసింది కదా. నేను వచ్చి ఆ వాక్యం చెప్తే చాలు. కానీ ఏం చెప్పానో గుర్తురావడం లేదు. 'ఒకటి రెండు మూడు, వినపడుతోందా' అన్నానా? 'అక్కా, ఇలా చెప్పాలి' అన్నానా? ఈ రెండూ కాదని కూడా అనిపిస్తోంది. ఆ రోజు నువ్వు ఒకటే మాట్లాడుతున్నావు, అది గుర్తుంది. పాస్‌ల గురించో, కండక్టరు ఎవరి గురించో. ఆపకుండా.

నీకు గుర్తుందా?

సెలవు అడిగాను. ఊట తగ్గేదాకా పంపు మెకానిక్కుకి సెలవు లేదన్నాడు ఇంజనీరు. మళ్ళీ అడుగుతాను.

తమ్ముడు

*

జూన్ 24, మంగళవారం

తమ్ముడూ,

నాకు గుర్తుంది. అక్షరం పోకుండా గుర్తుంది.

నేను కొత్త కండక్టరు సంగతి చెప్తున్నాను, బస్సుని వదిలేసి కాఫీకి పోయినవాడి సంగతి. నువ్వు మూడుసార్లు ఆగమన్నావు. నేను ఆగలేదు. మూడు వారాల్లో గొంతు తీసేస్తారని తెలిసినదాన్ని, ఎందుకాగుతాను? అప్పుడు నువ్వు విసుక్కుని, "అక్కా, కాసేపు నోరు మూసుకో. ముందు నేను మాట్లాడి చూపిస్తా" అన్నావు.

అప్పుడే టింగుమంది.

నీకు గుర్తురాకపోవడంలో వింతేమీ లేదు. అలాంటివి నువ్వు రోజుకి పది అనేవాడివి. నాకెందుకు గుర్తుందంటే, దానికి నేను పడీపడీ నవ్వాను. ఆపరేషనుకి ముందు నేను నవ్వడం అదే ఆఖరు. తర్వాత వాక్యాలన్నీ చదివించావు గానీ, నవ్వమని ఎక్కడా లేదు. పలకలో నా మాటలన్నీ ఉన్నాయి, నవ్వు లేదని ఎన్నిసార్లో అనుకున్నాను. ఇప్పుడు చూస్తే, ఆ మొదటి నమూనాలో నీ మాట వెనకాల అది పడి ఉండాలి.

నిన్న సెంటరులో ఈ సంగతంతా చెప్పాను. వాక్యం ఏమిటని ఆ అమ్మాయి అడిగితే పలక మీద కొట్టాను. నాలుగో నంబరు గొంతు హాలంతా వినపడేలా, 'అక్కా, కాసేపు నోరు మూసుకో' అని చదివింది. సెక్యూరిటీ ఆయన లేచి నిలబడ్డాడు.

పైవాళ్ళని కనుక్కుని ఆ అమ్మాయి చెప్పిన షరతులు ఇవి. నువ్వే స్వయంగా రావాలి. ఆ వాక్యం అలాగే చెప్పాలి, ఒక్క మాట అటూ ఇటూ కాకూడదు. మూడు అవకాశాలు. మూడూ తప్పితే తాళం పడుతుంది, పన్నెండుకి ఎలాగూ చెరిగిపోతుంది. 30 ఉదయం పదకొండుకి తప్ప ఖాళీ లేదట. రాసుకోమన్నాను.

ఇంజనీరుకి ఏం చెప్తావో చెప్పుకో. రావాలి.

అక్క

*

జూన్ 27, శుక్రవారం

అక్కా,

సెలవు దొరికింది. కాగితంలో కారణం అన్న చోట ఉన్నది ఉన్నట్టు రాశాను, 'మా అక్కని నోరు మూసుకోమని చెప్పడానికి.' ఇంజనీరు చదివి కళ్ళజోడు తీశాడు. "దీనికి రెండు రోజులెందుకయ్యా, ఉత్తరం రాస్తే సరిపోదా?" అన్నాడు. కూర్చోబెట్టి మొదట్నుంచీ చెప్పాను. ఫోన్లో నిన్ను తిట్టిన దగ్గరికొచ్చేసరికి ఆయన పెన్ను తీశాడు. చివరిదాకా వినకుండానే సంతకం పెట్టాడు.

ఇంకో సంగతి ఉంది. దాచడంలో అర్థం లేదు. నా గొంతు ఒకప్పటిలా లేదు. ఏడాదిగా ఈ చెమ్మా, ఈ రాతి దుమ్మూ. పైగా బుధవారం నుంచి జలుబు. సొరంగంలో ఆ వాక్యం అని చూసుకున్నాను. ప్రతిధ్వని 'మూసుకో, మూసుకో' అని నామీదికే తిరిగొచ్చింది. అది నా గొంతులా లేదు. డ్రిల్లరు కూడా, "ఎవరా బొంగురు గొంతు?" అని కేకేశాడు.

అందుకని నిన్నటి నుంచి మాట్లాడటం మానేశాను. ఆవిరి పట్టుకుంటున్నాను. చెప్పాల్సింది అట్టముక్క మీద రాసి చూపిస్తున్నాను. ఒక్క రోజుకే పిచ్చెక్కిపోతోంది. రాసేలోపు అవతలివాళ్ళు వెళ్ళిపోతున్నారు. నేను ఏం రాస్తానో వాళ్ళే అనేసుకుని, దానికి జవాబు కూడా చెప్పేస్తున్నారు. నీకు ఏడాది నుంచీ ఇదేనా?

సోమవారం బస్సు దిగాక నన్ను పలకరించకు. కౌంటరు దాకా నేను నోరు తెరవను. ఉన్న గొంతంతా అక్కడే ఖర్చుపెడతాను. నిన్ను చూడగానే నేను అనే మొదటి మాట అదే అవుతుంది, ఏమీ అనుకోకు.

వ్యాను డ్రైవరు రేపు మీ ఊరే వస్తున్నాడు. ఇది చేతికిస్తాడు.

తమ్ముడు

*

జూన్ 28, శనివారం

తమ్ముడూ,

మీ డ్రైవరు బండి ఇంజను ఆపకుండా బయట నిలబడ్డాడు. ఉన్నవి మాత్రం రాస్తాను.

మీ బావ మూడో కౌంటరుకి ఫోన్ చేసి, జలుబు చేసిన గొంతు పనికొస్తుందా అని అడిగారు. "యంత్రం ఏమంటుందో నేను చెప్పలేనండీ" అంది ఆ అమ్మాయి. సోమవారం ఆమెకి సెలవట. అయినా వస్తానంది.

పార్సిల్ గదిలో నా జాగాలో సోమవారం వేరే మనిషి కూర్చుంటాడు. మేనేజరు నా పాత గది తాళం చేతికిచ్చాడు. ఇంకా ఖాళీగానే ఉంచాడట. మీ బావ నీకు రెండు ప్యాంట్లు కుట్టారు. నడుము కొలత పోయినేడాదిది.

పలక ఇవాళ పొద్దుటి నుంచి ఒకటే చూపిస్తోంది. కొత్త అప్‌డేట్ వస్తోందట. కింద 'తర్వాత' లేదు, 'సరే' ఒక్కటే ఉంది.

నీ బస్సు సోమవారం ఉదయం పది గంటలకి మూడో ప్లాట్‌ఫారం మీదికి వస్తుంది. నేను మెట్టు దగ్గర నిలబడి ఉంటాను. పలకరించను. అక్కణ్ణుంచి సెంటరుకి నడకే. మీ బావ ఒక్కరే మాట్లాడతారు, మనిద్దరి తరఫునా. కౌంటరు దగ్గర నువ్వు ఆ మాట అనేటప్పుడు గోడ వైపు గాని, ఆ అమ్మాయి వైపు గాని చూడకు. అప్పుడు నా మొహం చూసి అన్నావు, ఇప్పుడూ అలాగే అను. విసుగ్గా అను. జాలిపడితే గొంతు మారిపోతుంది.

పదకొండుకి నువ్వు. పన్నెండుకి అది.

అక్క